హైడీ కెమిస్ట్రీ మళ్ళీ చదివిన వేసవి

ఆ ఏడు జూన్ నెలంతా సరస్సు మీంచి పొగమంచు తొలగనే లేదు. అమెరికా ఉత్తరాన, సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న డులూత్‌లో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి చల్లటి వేసవులు నాకు కొత్త కాదు. అయినా అలాంటి వేసవిని నేను అంతకుముందు చూడలేదు. రేవులో ఇనుప ఖనిజం ఓడలకెత్తే చోట నా పని. పైన నిలబడి చూస్తే కింద ఓడ కనిపించేది కాదు, కూత మాత్రం వినిపించేది. ఎర్రటి గుళికలు బెల్టు మీంచి జారి తెల్లటి మంచులోకి పోయి, ఎక్కడో ఇనుము మీద పడ్డ చప్పుడు వస్తే, సరే ఓడ అక్కడే ఉంది అనుకుని పని చేసుకుపోయేవాళ్ళం.

ఆ వేసవిలోనే నా భార్య హైడీ, పదమూడేళ్ళ కిందట ఒకసారి చదివిన ఆర్గానిక్ కెమిస్ట్రీని మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది.

హైడీ ఆసుపత్రిలో రోగుల నుంచి రక్తం తీసే ఉద్యోగం చేసేది. ముందు ఏడాది మెడిసిన్‌కి దరఖాస్తులు పెడితే అన్ని కాలేజీలూ వద్దన్నాయి. ఒక కాలేజీకి ఫోన్ చేసి ఎందుకని అడిగింది. అవతల మాట్లాడినావిడ మంచిది, దాపరికం లేకుండా చెప్పింది: మీకు వయసొక అడ్డు కాదు, అనుభవం బోలెడుంది, కానీ ఫిజిక్సులో ఆ 'సీ' గ్రేడ్లు, ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఆ 'డీ' గ్రేడు చూశాక మావాళ్ళు మిగతా కాగితాలు చదవరు. అవి మళ్ళీ చదివి మంచి గ్రేడ్లతో రండి.

ఫిజిక్సు చలికాలంలో అయిపోయింది, 'ఏ' గ్రేడే వచ్చింది. మిగిలింది కెమిస్ట్రీ. ఏడాది పాటు చెప్పే పాఠాన్ని వేసవిలో పది వారాల్లో కుక్కి చెప్తారు. ఆగస్టులో గ్రేడ్ చేతికొస్తే ఆ ఏడాది దరఖాస్తుకి అందుతుంది. లేకపోతే ఇంకో ఏడు ఆగాలి. హైడీకి అప్పుడు ముప్పై మూడు.

"అసలప్పుడు డీ ఎందుకొచ్చింది?" అని పెళ్ళైన కొత్తలో అడిగాను.

"ఇరవై ఏళ్ళ వయసు. చదవలేదు. అంతే" అంది. ఇంకొకరైతే ఇంట్లో కష్టాలనో ఒంట్లో బాగోలేదనో ఏదో ఒకటి చెప్పేవాళ్ళు. హైడీ తన గురించి తను అబద్ధం చెప్పుకోగా నేను ఒక్కసారి కూడా వినలేదు.

మా ఇంట్లో మెట్ల పక్కన ఒక చిన్న గది ఉంది. లేత పసుపు గోడలు. అందులో తను బల్ల వేసుకుని చదువుకునేది. ఆ గదికి ఆ రంగు వేసింది నేను, ఆరేళ్ళ కిందట. అప్పుడు అందులో ఉయ్యాల మంచం పెడదామనుకున్నాం. ఆ అవసరం రాలేదు. రెండేళ్ళ తర్వాత ఇంకోసారి ఆశ కలిగింది, అదీ నిలవలేదు. ఆ తర్వాత మేమిద్దరం ఆ మాట ఎత్తడం మానేశాం. హైడీ మెడిసిన్ గురించి మాట్లాడటం మొదలుపెట్టింది.

సాయంత్రం నేను పనినుంచి వచ్చేసరికి వంటింటి బల్ల నిండా ప్లాస్టిక్ ఉండలూ పుల్లలూ ఉండేవి. వాటిని గుచ్చి అణువుల బొమ్మలు కట్టేది.

"ఈ రెండూ చూడు కర్ట్" అంది ఒకరోజు. "తేడా చెప్పు."

"రెండూ ఒకటే."

"కాదు. నీ కుడిచెయ్యీ ఎడమచెయ్యీ లాంటివి. ఒకదాని మీద ఒకటి పెడితే కలవవు."

"ఏ పనీ సరిగ్గా చేతకాదని, నావి రెండూ ఎడమచేతులే అంటావుగా నువ్వు."

నవ్వింది. ఆ నెలలో తను నవ్వడం తక్కువ. మొదటి పరీక్షలో మార్కులు అంతంతమాత్రం. 'ఏ' రావాలంటే ఇక ఎక్కడా తప్పు జరగకూడదు.

బుధవారాల్లో లైల్ వచ్చేవాడు. ల్యాబ్‌లో హైడీకి జంట. నలభై నాలుగేళ్ళవాడు, సైన్యంలో వైద్య సహాయకుడిగా చేసి బయటికొచ్చి, డాక్టరవుదామని తిరుగుతున్నవాడు. పెద్ద ఒళ్ళు, చిన్న గొంతు. మొదటిరోజు గుమ్మంలో బూట్లు విప్పుతూనే నాతో అన్నాడు: "ఈ సబ్జెక్టుతో నాది మూడో పెళ్ళి, కర్ట్. మొదటిసారి అదే నన్నొదిలేసింది. రెండోసారి నేనే పారిపోయా. ఇప్పుడు మళ్ళీ పూలు పట్టుకుని దాని గుమ్మంలో నిలబడ్డా."

"ఈసారన్నా నిలుస్తుందా?"

"మీ ఆవిడ సంసారం చక్కదిద్దుతోంది. చూద్దాం."

వాళ్ళిద్దరూ చదువుకుంటుంటే నేను గిన్నెలు కడిగేవాణ్ణి. పసుపు గదిలోంచి లైల్ గొణుగుడు, హైడీ ఓపిగ్గా మళ్ళీ మొదటినుంచి చెప్పడం వినిపించేవి.

జూన్ మధ్యలో ఒకరోజు హైడీ ల్యాబ్ నుంచి వస్తే ఒళ్ళంతా అరటిపండు వాసన. "ఇవాళ ఆ వాసనే తయారుచేశాం" అంది. "మిఠాయిల్లో వేస్తారే, అది." అంటూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాత్రూమ్‌లోకి పరిగెత్తింది. బయటికొచ్చాక మొహం కడుక్కుని, "పొద్దున్నుంచి పీలుస్తున్నా కదా" అంది. నేను నమ్మాను. నమ్మకపోవడానికి ఏముంది?

*

జూలై నాలుగున, స్వాతంత్ర్య దినోత్సవం పండక్కి, మా పెరట్లో పొయ్యి వెలిగించి సాసేజ్‌లు కాల్చాం. మా అమ్మ ఆర్లీన్ పుల్లటి రూబార్బ్ కాడలు కూరిన తీపి రొట్టె చేసి తెచ్చింది. అమ్మ మా వీధికి రెండు వీధుల కింద ఒక్కతే ఉంటుంది. ప్రతి ఆదివారం భోజనానికి మా ఇంటికి రావడం నాన్న పోయినప్పటి నుంచీ అలవాటు. లైల్‌ని కూడా పిలిచాం. అతని పిల్లలు ముగ్గురూ మాజీ భార్య దగ్గర వేరే రాష్ట్రంలో ఉన్నారు, పండగ పూట ఒక్కడే అవుతాడని హైడీయే పిలవమంది.

లైల్, నేను పొయ్యి దగ్గర నిలబడ్డాం. ఆడవాళ్ళిద్దరూ లోపల ఉన్నారు. లైల్ బీరు డబ్బా నుదుటికి ఆనించుకుని, మామూలుగా, వాతావరణం గురించి చెప్తున్నట్టే చెప్పాడు.

"మా ప్రొఫెసర్ సోబ్‌చాక్ మంచివాడు కాబట్టి సరిపోయింది. ఇంకొకడైతే కోర్సు వదిలేసుకోమనేవాడు. ఇప్పుడు ఘాటు ద్రావకాలు వాడే రోజుల్లో హైడీని గాజుతలుపు అవతల బల్ల దగ్గర కూర్చోబెడుతున్నాడు. తను అక్కడినుంచి చెప్తుంది, నేను చేస్తా. చేతులు నావి, బుర్ర తనది. నాకు ఇంత బాగా ల్యాబ్ ఎప్పుడూ జరగలేదనుకో."

నేను సాసేజ్‌లు తిప్పుతూ ఉన్నాను.

"అన్నట్టు నీకు చెప్పనేలేదు, శుభాకాంక్షలు" అన్నాడు. "మొదటి కాన్పేగా?"

"అవును" అన్నాను. "ఇంకా ఎవరికీ చెప్పట్లేదు. మా అమ్మకి కూడా" అన్నాను.

"నోరు మూసుకుంటా" అని డబ్బా ఎత్తి చూపించాడు.

ఒక సాసేజ్ ఒకవైపు నల్లగా మాడిపోయింది. దాన్ని నా పళ్ళెంలో వేసుకున్నాను.

చీకటి పడుతుంటే నలుగురం వీధి చివరకి నడిచి, కొండవాలు మీద అందరితోపాటు నిలబడ్డాం. రేవులో బాణసంచా కాల్చడం మొదలైంది. మంచులో ఏమీ కనిపించలేదు. ఒక్కొక్క పేలుడుకీ ఆ తెల్లదనం కాస్త ఎర్రగానో ఆకుపచ్చగానో మారి మళ్ళీ తెల్లబడేది. అయినా జనం చప్పట్లు కొట్టారు.

"బీరు తాగట్లేదేం హైడీ?" అంది అమ్మ.

"చదువుకోవాలి ఆర్లీన్" అంది హైడీ.

నేను తన వెనక నిలబడి నా కోటు తన భుజాల మీద వేశాను. వెనక్కి తిరక్కుండానే నా చెయ్యి పట్టుకుని నొక్కి వదిలేసింది. ఇప్పుడు చెప్తుంది అనుకున్నాను. చెప్పలేదు.

*

నేను అడగలేదు. అడిగితే ఏమయ్యేదో నాకు తెలుసు. కోర్సు మానెయ్యమనేవాణ్ణి. గాజుతలుపు అవతలైనా సరే, సోబ్‌చాక్ ఎంత మంచివాడైనా సరే, మానెయ్యమనే అనేవాణ్ణి. అది హైడీకి కూడా తెలుసు. అందుకే చెప్పలేదని నాకు అర్థమవుతూనే ఉంది. తనంతట తను చెప్పేదాకా ఆగుదాం, కోర్సు ఐపోయాక చెప్తుందేమో అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

నిజం చెప్పాలంటే, ఆ జూలై నెలంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను. నేలమాళిగలోంచి బట్టల బుట్ట నేనే మోసుకొచ్చేవాణ్ణి. పొద్దున తను లేచేసరికి ఉప్పు బిస్కెట్లు మంచం పక్కన ఉండేవి. "ఏంటీ సేవలు?" అనేది. "పరీక్షలకి చదివే పిల్లకి ఆ మాత్రం చెయ్యాలిగా" అనేవాణ్ణి. బిస్కెట్ల వైపు కాసేపు చూసి, ఒకటి తీసుకుని కొరికేది.

రేవులో ఒకరోజు నా తోటి పనివాడు, "ఏంటి కర్ట్, పొద్దున్నుంచీ ఈల వేస్తున్నావు?" అన్నాడు. ఈల వేస్తున్నానని నాకే తెలీదు. మనసులో నెలలు లెక్క వేసుకుంటూ ఉండేవాణ్ణి. ఫిబ్రవరిలో. ఫిబ్రవరిలో సరస్సు గడ్డకట్టి ఉంటుంది, ఓడలు రావు, రేవు మూసేస్తారు, నాకు పని ఉండదు. రోజంతా ఇంట్లోనే ఉండొచ్చు. హైడీ చదువుకుంటుంటే నేను చూసుకోవచ్చు. ఎంత బాగా కుదిరిందో అనుకునేవాణ్ణి.

హైడీ మార్కులు పెరిగాయి. రెండో పరీక్షలో క్లాసుకంతటికీ తనదే ఎక్కువ. లైల్ వచ్చి చెప్పాడు, తను చెప్పలేదు.

జూలై చివరి వారం మంగళవారం నాడు తను ల్యాబ్ నుంచి ఆలస్యంగా వచ్చింది. వచ్చీ రాగానే వేసుకున్న బట్టలన్నీ విప్పి విడిగా మూటకట్టి, చాలాసేపు స్నానం చేసింది. తలకి రెండుసార్లు పోసుకుంది.

"బాగా జరిగిందా?" అన్నాను తలుపు బయట నుంచి.

"జరిగింది" అంది. "ఐపోయింది. ఇక ల్యాబ్ లేదు."

*

ఆ శుక్రవారం మధ్యాహ్నం రేవు ఆఫీసుకి నాకు ఫోనొచ్చింది. లైల్.

"కర్ట్, నువ్వు రావాలి. మూడో పరీక్ష రాస్తున్నాం. నేను తెల్లకాగితం ఇచ్చి బయటికొచ్చేశాలే, నా సంగతి వదిలెయ్. హైడీకి పొద్దున్నుంచీ నొప్పిగా ఉందట. మొహం సున్నంలా ఉంది. చెప్తే లేవట్లేదు."

నేను ఒంటి మీది ఎర్ర దుమ్ముతోనే వెళ్ళాను. పరీక్ష గది తలుపుకి నిలువుగా సన్నటి గాజు పలక ఉంది. అందులోంచి హైడీ కనిపించింది. చివరి వరసలో కూర్చుంది. ఎడమచేత్తో కడుపు అదిమిపట్టుకుని కుడిచేత్తో రాస్తోంది. మధ్యలో పెన్ను ఆపి, కళ్ళు మూసుకుని, ఊపిరి వదిలి, మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.

ముందున్న ప్రొఫెసర్ నన్ను చూసి బయటికొచ్చాడు. సోబ్‌చాక్ ముసలాయన, వంగిన మనిషి.

"మీరు భర్తా?" అన్నాడు మెల్లగా. "నేను ఆపెయ్యమన్నాను. వేరే రోజు పెడతానని కూడా చెప్పాను. దీని మూలంగా మార్కులేం పోవన్నాను. వద్దంది. ఇంకా రెండు ప్రశ్నలున్నాయంది."

"లోపలికి వెళ్ళొచ్చా?"

"వెళ్ళండి. తప్పకుండా వెళ్ళండి." ఆయన పక్కకి తప్పుకున్నాడు.

నేను తలుపు పిడి మీద చెయ్యి వేశాను. హైడీ తలెత్తి నన్ను చూసింది. కంగారు పడలేదు. కొంచెం ఆగు అన్నట్టు ఎడమచెయ్యి కాస్త ఎత్తి, మళ్ళీ కడుపు మీద పెట్టుకుని తల వంచుకుంది. నేను పిడి వదిలేశాను. లైల్ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. అతను తన పెద్ద చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు.

రెండు ప్రశ్నలూ రాసే వచ్చింది.

కారులో సీటు మీద నా చొక్కా పరిచి కూర్చోబెట్టాను. పెద్ద వీధి దాటాక తనే అంది.

"నీకు తెలుసు కదూ."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నాలుగో తారీకు నుంచి. లైల్ నోరు జారాడు. నాకు తెలుసనుకున్నాడు పాపం."

కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. "మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావని."

"మొదటిసారి చెప్పిన రోజే నువ్వు రంగు డబ్బా కొనుక్కొచ్చావు కర్ట్" అంది. "అది మళ్ళీ చూడలేననుకున్నా. నిలిస్తే చెప్దామనుకున్నా. నిలిచినట్టే అనిపించింది కూడా. వచ్చే ఆదివారం చెప్దామనుకున్నా."

ఆసుపత్రి తను పనిచేసేదే. రక్తం తీయడానికి వచ్చినమ్మాయి హైడీ దగ్గర పని నేర్చుకున్నదే. ఆ పిల్ల సూది గుచ్చడానికి జంకుతుంటే, "కంగారేం లేదు, నరం కనిపిస్తోందిగా, నెమ్మదిగా" అని హైడీయే ధైర్యం చెప్పింది. తర్వాత డాక్టరమ్మ వచ్చి మా ఇద్దరికీ ఎదురుగా కూర్చుని చెప్పాల్సింది చెప్పింది. ఇలా చాలామందికి జరుగుతుంది, ఇందులో ఎవరి తప్పూ లేదు, మీరు చేసిన దేనివల్లా ఇది జరగలేదు అంది. ఆ చివరి మాటకి హైడీ ఆవిడ మొహంలోకి చూసింది. ఆవిడ ఇంకేదో కాగితం కోసం లేచింది.

ఇంటికొచ్చాక సోమవారం క్లాసుకి వెళ్ళింది. వద్దనలేదు నేను.

*

తర్వాతి ఆదివారం అమ్మ భోజనానికి వచ్చింది. ముందురోజే ఫోన్లో నేను జరిగింది చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. అమ్మ మాంసం, బంగాళాదుంపలు కలిపి ఓవెన్‌లో హాట్‌డిష్ చేసి తెచ్చి బల్ల మీద పెట్టి, కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుంది. గొంతు పెంచకుండానే అడిగేసింది.

"ఆ చదువు ఒక్క ఏడాది ఆగేది కాదా హైడీ?"

"అమ్మా" అన్నాను.

"నువ్వాగు. నేను తననే అడుగుతున్నా. ఆ మందుల కంపులో నిలబడకపోతే ఏం పోయేది? ఏడాది ఆగితే కాలేజీ ఎక్కడికన్నా పారిపోతుందా?"

హైడీ చేతిలో ఉన్న గరిటె కింద పెట్టింది. "ఆగేది ఆర్లీన్" అంది. "చదువు ఆగేది. నేనే ఆగలేదు."

అమ్మ ఎదురుచూసిన జవాబు అది కాదు. ఏడుస్తుందనో, వాదిస్తుందనో అనుకుని ఉంటుంది. విప్పని కోటుతోనే లేచి వెళ్ళిపోయింది. నేను గుమ్మం దాకా వెళ్ళాను. "నేను పోయేలోపు..." అని ఏదో అనబోయి ఆగి, రుమాలు తీసి ముక్కు తుడుచుకుని మెట్లు దిగింది. ఆ రోజు నుంచి ఆదివారం భోజనాలు ఆగిపోయాయి. నేనే అమ్మ ఇంటికి వెళ్ళి తిని వచ్చేవాణ్ణి. పండగలకి వచ్చేది, హైడీ బాగానే చూసేది, ఒకరి వంటలు ఒకరు మెచ్చుకునేవాళ్ళు. అంతకుమించి వాళ్ళ మధ్య ఏమీ మిగల్లేదు.

ఆగస్టులో ఆఖరి పరీక్ష అయింది. 'ఏ' వచ్చింది. మూడో పరీక్షలో, ఆ శుక్రవారం రాసినదాంట్లో, తనకి అన్నిటికన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. ఆ సంగతి నాకు సోబ్‌చాక్ రాసిన సిఫార్సు ఉత్తరం గురించి లైల్ చెప్తుంటే తెలిసింది. లైల్ మాత్రం మళ్ళీ తప్పాడు. వీడ్కోలు చెప్పడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు, బూట్లు విప్పలేదు.

"మూడో పెళ్ళీ పెటాకులైంది" అన్నాడు. ఎప్పటిలా నవ్వించడానికి కాదు. "ఉత్తరాన అంబులెన్సు ఉద్యోగం ఉందన్నారు, వెళ్తున్నా." "నీకు తెలీదని హైడీ తర్వాత చెప్పింది. ఆ రోజు నేను నోరు జారకపోతే బావుండేది కర్ట్. నీకు ఆ బాధన్నా తగ్గేది" అన్నాడు.

అలా కాదని అతనికి చెప్పాలనుకున్నాను. చేతులు కలిపి పంపేశాను.

అతను వెళ్ళాక నేను పసుపు గదిలోకి వెళ్ళాను. హైడీ పుస్తకాలు పెట్టెలో సర్దుతోంది. అప్పటిదాకా నాలో నలుగుతున్నది ఒక్కసారే అడిగాను. తర్వాత మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

"ఆ ల్యాబ్ వల్లేనా?"

తను సర్దడం ఆపింది. తొందరపడలేదు. పరీక్షలో ప్రశ్న చదివినట్టు, దాన్ని పూర్తిగా చదివి మరీ జవాబిచ్చింది.

"కాదనే అనుకుంటున్నా. నెలంతా గాజుతలుపు ఇవతలే ఉన్నా. కానీ ఆ మంగళవారం ల్యాబ్ పరీక్ష ఎవరికి వాళ్ళే చెయ్యాలి. లైల్ చేతులు పనికిరావు. సోబ్‌చాక్ వచ్చే ఏడాది చెయ్యమన్నాడు. నేనే వెళ్ళా. మాస్కు వేసుకున్నా, గ్లవ్స్ వేసుకున్నా, గాలి లాగే గొట్టం కింద నిలబడే చేశా. ఆ మూడు రోజుల్లో అలా అవడానికి వీల్లేదని పుస్తకాలు చెప్తున్నాయి. చదివా. దొరికినవన్నీ చదివా." ఒక పుస్తకం తీసి పెట్టెలో పెట్టింది. "కానీ ఖచ్చితంగా కాదు అని నేను చెప్పలేను కర్ట్. చెప్తే నీకు బావుంటుంది. చెప్పలేను."

నేను కింద కూర్చుని మిగతా పుస్తకాలు అందించాను.

*

అక్టోబరులో మా ఊరి కాలేజీ నుంచే హైడీకి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. అక్కడే సీటొచ్చింది కూడా. ఇప్పుడు తను ఇక్కడికి గంట దూరంలో, గనుల ఊళ్ళో డాక్టరు. ఆ ఊళ్ళో పిల్లలు చాలామంది తన చేతుల మీదే పుట్టారు. మాకు పిల్లలు లేరు. ఆ తర్వాత ప్రయత్నించలేదు. దాని గురించి కూర్చుని నిర్ణయించుకున్నదీ లేదు. తను చదువుల్లో పడింది, ఏళ్ళు గడిచాయి. కొన్నిరోజులు సాయంత్రం ఇంటికొచ్చి కారు ఆపి, దిగకుండా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుంటుంది. ఆవేళ ఆసుపత్రిలో ఎవరికో ఏదో నిలవలేదని నాకు అర్థమవుతుంది. వెళ్ళి పక్క సీట్లో కూర్చుంటాను.

ఆ ఇంటర్వ్యూకి ముందు ఆదివారం మధ్యాహ్నం, అమ్మ ఇంట్లో తిని వచ్చాను. హైడీ ఇంటర్వ్యూకి వేసుకునే నీలం కోటు తొడుక్కుని వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది.

"నన్ను ప్రశ్నలడుగు" అంది. "నువ్వు కాలేజీవాడివి. నేనెవరో తెలీదు నీకు."

నేను ఎదురుగా కూర్చుని గొంతు సవరించుకున్నాను. "రండి, కూర్చోండి. మీ పేరు?"

"హైడీ లువోమా."

"డాక్టరు ఎందుకవ్వాలనుకుంటున్నారు?"

చెప్పింది. బాగా చెప్పింది. ఆసుపత్రిలో తెల్లవారుజామున రక్తం తీసుకోవడానికి వెళ్తే రోగులు తనతో ఏమేం చెప్పుకుంటారో, ఆ చెప్పినవాటికి జవాబివ్వగలిగే చదువు తనకి లేకపోవడం ఎలా ఉంటుందో చెప్పింది. మొదటిసారి కెమిస్ట్రీలో డీ ఎందుకొచ్చిందని అడిగాను. చదవలేదండీ అంది. నాకు సరదా పుట్టింది. ఇలాంటివాళ్ళు ఇంకేం అడుగుతారా అని ఆలోచించి, నోటికొచ్చింది అడిగేశాను.

"మరి దీనికోసం మీరు ఏం వదులుకున్నారు?"

అన్నాక గానీ నేనేం అడిగానో నాకు తెలియలేదు. వెనక్కి తీసుకుందామని నోరు తెరిచాను. హైడీ చెయ్యి కాస్త ఎత్తి నన్నాపింది. కోటు బొత్తాం ఒకటి సర్దుకుంది. నన్ను ఎరగని మనిషిని చూసినట్టే సూటిగా చూస్తూ చెప్పింది.

"పోయిన వేసవిలో మా ఆయనకి ఒక సంతోషం చెప్పాల్సి ఉందండీ. నేను చెప్పలేదు. చెబితే చదువు ఆపెయ్యమంటారని కొంత, ఆయన మొహం చూడలేనని కొంత. కానీ ఆయనకి ఎలాగో తెలిసిపోయింది. తెలిసి కూడా నాకు చెప్పలేదు. నెల రోజులు పొద్దున్నే లేచి నా పక్కన బిస్కెట్లు పెట్టేవారు. ఎందుకు పెడుతున్నారో నేను అప్పుడే కనిపెట్టాను. అయినా ఊరుకున్నాను. ఆ నెల రోజుల సంతోషాన్ని ఆయన దగ్గర ఉండనిద్దామనుకున్నాను." ఆగింది. "అది ఇంటర్వ్యూలో చెప్పేది కాదు. అక్కడైతే వేరే ఏదైనా చెప్తాను."

కిటికీ అవతల వాన మొదలైంది. నేను నా చేతులకేసి చూసుకున్నాను. గోళ్ళ కింద ఎర్ర దుమ్ము, ఎంత కడిగినా పోదు.

"తర్వాతి ప్రశ్న అడగండి" అంది హైడీ.

లేచి చేతులు మరోసారి కడుక్కుని వచ్చి కూర్చున్నాను. తను ఆగింది, తొందరపెట్టలేదు. తర్వాత నేను ఫిజిక్సు గురించి అడిగాను.